పాప సహకరించలేదు

ఆ ఊళ్ళో ఆమెను అందరూ ఎక్స్ఛేంజి అక్క అంటారు. ఆ పేరు పెట్టింది పెద్దాసుపత్రి ఆయాలు. ఆసుపత్రి మెట్ల కింద ఒక ఇరుకు గదిలో, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ఎదురుగా ఉన్న బోర్డులో తీగలు గుచ్చుతూ పీకుతూ ఆమె వయసులో ఉన్నన్నాళ్ళూ ఫోన్లు కలిపింది. "కాన్పుల వార్డు కావాలా, కాస్త ఆగండి, నర్సమ్మ చేతులు కడుక్కుంటోంది" అని కూర్చున్న చోటు నుంచి కదలకుండానే చెప్పేది. అవతల ఆ నర్సమ్మ నిజంగానే చేతులు కడుక్కుంటూ ఉండేది. ఎవరు ఏ వేళకు ఎక్కడుంటారో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఏ డాక్టరు టీ తాగకముందు ఫోను ఇస్తే మొరిగినట్టు మాట్లాడతాడో ఆమెకు కొట్టిన పిండి.

తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. బోర్డును ఊడబీకి పాత ఇనుము వాడికి ఇచ్చేశారు. ఆమెను అలా ఇచ్చేయడానికి వీల్లేదు గనక, అప్పుడే కొత్తగా వచ్చిన ఒక పథకంలో కూర్చోబెట్టారు. మూడేళ్ళలోపు పిల్లల్లో ఎవరికైనా మెడ నిలవకపోయినా, నడక ఆలస్యమైనా, మాట రాకపోయినా ఆ ఇంటికి వీలైనంత తొందరగా సాయం అందాలన్నది పథకం. సాయం చేసేవాళ్ళు తలో దిక్కున ఉన్నారు. పరీక్షలు ఆసుపత్రిలో చేస్తారు. మాటల శిక్షణ బస్టాండు వెనక వీధిలో ఒక సంస్థ ఇస్తుంది. పిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రం ఇంకో శాఖ కింద ఉంది. యంత్రం కొనాలన్నా, ప్రయాణం ఖర్చు ఇవ్వాలన్నా సంక్షేమ కార్యాలయం సంతకం పడాలి. వీళ్ళందర్నీ కలపడానికి ఒక మనిషి ఉండాలన్నారు. ఆ మనిషికి సమన్వయకర్త అని పేరు పెట్టి, ఒక కుర్చీ, ఒక ఫోను ఇచ్చారు.

ఆమె భర్త దర్జీ. మిషను తొక్కుతూనే విషయం విన్నాడు. "చేతికి సూదిచ్చి నాలుగు ముక్కలూ కలిపి కుట్టమన్నారు, బాగానే ఉంది. దారం ఎవరిస్తారంట?" అన్నాడు.

"నువ్వు ముందు ఆ జాకెట్టు చెయ్యి తిన్నగా కుట్టు" అంది ఆమె. కానీ ఆ మాట ఆమెకు చాలాకాలం గుర్తుండిపోయింది.

ఏది ఏమైనా ఆమె పని చేసింది. గోడలకు సున్నం రాలుతున్న ఇళ్ళలోకి, లిఫ్టు పనిచేయని మేడల మీదికి, వర్కుషాపుల వెనక వరస గదుల్లోకి వెళ్ళి కూర్చుంది. చంకలో వాలిపోయే పిల్లల్ని ఎత్తుకుంది. వాళ్ళ అమ్మల ఫోన్లు అన్నం తింటున్నా ఎత్తింది, ఎడమ చేత్తో. "మీకెందుకమ్మా, నేను మాట్లాడతాగా" అనేది. ఆ మాట అనడం ఆమెకు ఇష్టం. అవతల గొంతులో బరువు దిగిపోవడం వినపడేది. గొంతుల్ని బట్టి మనుషుల్ని పట్టుకునే మనిషికి అంతకన్నా ఏం కావాలి.

గువ్వ కథ అక్కడే మొదలైంది.

గువ్వ అన్నది ముద్దుపేరు. చిన్నగా, గుండ్రంగా, మెడ తిప్పి తిప్పి చూస్తుందని నాయనమ్మ పెట్టింది. గువ్వ తల్లి అట్టపెట్టెల కంపెనీలో పెట్టెలు మడతపెట్టే పని చేస్తుంది. చేతివేళ్ళ చివర్లు ఎప్పుడూ అట్ట అంచులకు కోసుకుపోయి ఉంటాయి. తండ్రి లారీ మీద పోతే నెలకోసారి కనపడతాడు. ఇంట్లో ఉండేది గువ్వ, నాయనమ్మ. ఇల్లంటే వెల్డింగు షాపు వెనక ఒక గది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడ ఇనుము మీద ఇనుము పడుతూనే ఉంటుంది.

ఎక్స్ఛేంజి అక్క మొదటిసారి ఆ గదికి వెళ్ళినప్పుడు గువ్వకు రెండేళ్ళు దాటుతున్నాయి. ఇంకా ఒక్క మాట లేదు. పిల్ల చాప మీద నిద్రపోతోంది. గోడకు అవతల ఎవడో సుత్తితో గేటు కడ్డీలు సరిచేస్తున్నాడు. ఆ మోతకు గూట్లో గ్లాసులు కదులుతున్నాయి.

"మా గువ్వది బంగారం లాంటి నిద్రమ్మా" అంది నాయనమ్మ మురిసిపోతూ. "పక్కన బాంబు పడ్డా లేవదు. పెట్టి పుట్టిన పిల్ల."

ఎక్స్ఛేంజి అక్క కదులుతున్న గ్లాసుల వైపు, పిల్ల వైపు చూసింది. ఆమె నెమ్మదిగా లేచి, పిల్ల తల దగ్గర ఒక స్టీలు పళ్ళెం నేలమీద పడేసింది. నాయనమ్మ ఉలిక్కిపడి గుండె పట్టుకుంది. గువ్వ కనురెప్ప కూడా కదల్లేదు.

"పళ్ళెం సొట్ట పోయిందేమో చూడమ్మాయ్" అని నాయనమ్మ అనబోయి, పిల్ల వైపు చూసి, ఆ మాట సగంలో ఆపేసింది.

అనుమానం తీరడానికి పరీక్ష ఉంది. చిన్నపిల్లలు వినపడుతుందో లేదో చెప్పలేరు గనక, నుదుటి మీద, చెవుల వెనక చిన్న బిళ్ళలు అంటించి, చెవిలో శబ్దం పెట్టి, మెదడు దాన్ని అందుకుందో లేదో మిషను చూస్తుంది. నొప్పి లేదు, సూది లేదు. ఒక్కటే షరతు. పిల్ల నిద్రపోవాలి. కదిలితే మిషను గీతలన్నీ చెదిరిపోతాయి.

ఆసుపత్రి ఆ పరీక్షకు ఇచ్చే వేళ ఎప్పుడో తెలుసా. పొద్దున ఓపీ తెరిచే వేళ. రాత్రంతా పడుకుని, లేచి, పాలు తాగి, లోకమంతా కొత్తగా కనపడుతున్న పిల్లని పట్టుకొచ్చి, తెల్లటి గోడల గదిలో ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య పడుకోబెట్టి, నిద్రపో అంటారు. ఈ వేళ పెట్టిన పెద్దమనిషి ఎవరో గాని, జన్మలో ఒక పిల్లని కూడా జోకొట్టి ఉండడు.

గువ్వని రాత్రంతా తల్లీ నాయనమ్మా వంతులేసుకుని మేలుకునేలా చేశారు. తెల్లారి రెండు బస్సులు మారారు. గువ్వ రెండో బస్సులో తల్లి ఒళ్ళో హాయిగా పడుకుంది. ఆసుపత్రి గేటు దగ్గర దింపగానే కళ్ళు తెరిచింది, ఇక మళ్ళీ మూయలేదు. బిళ్ళలు అంటించినవి అంటించినట్టే పీకి పారేసింది. కాగితం మీద 'పాప సహకరించలేదు' అని రాసి, కొన్ని నెలల తర్వాతి తేదీ ఇచ్చి పంపారు.

రెండోసారీ అదే కథ. మూడోసారి నిద్రమందు పోద్దామన్నారు. పిల్లకి జలుబు ఉందని ఆ రోజు పొయ్యలేదు. కాగితం మీద మళ్ళీ అదే వాక్యం. తల్లికి చదువు కొద్దిగా వచ్చు. బయటికొచ్చాక అడిగింది. "సహకరించలేదంటే ఏంటక్కా, మా పిల్ల ఏమన్నా తిట్టిందా వాళ్ళని?"

"అదేం లేదమ్మా, వాళ్ళ భాష అది. మీకెందుకు, నేను మాట్లాడతాగా" అంది ఎక్స్ఛేంజి అక్క.

మాట్లాడింది. మాటల శిక్షణ ఇచ్చే మేడమ్‌తో మాట్లాడింది. "వినపడుతుందో లేదో తెలియకుండా ఏం నేర్పమంటారు? పరీక్ష అవ్వనివ్వండి" అందామె. పిల్లల కేంద్రం టీచరుతో మాట్లాడింది. "ఇలాంటి పిల్లల్ని చేర్చుకోవాలంటే పరీక్ష కాగితం ఉండాలి, నా చేతుల్లో ఏముంది?" అంది ఆవిడ. సంక్షేమ కార్యాలయంలో అధికారితో మాట్లాడింది. ఆయన్ని వెనకాల అందరూ పైకిరాద్దాం సారు అంటారు. ఇల్లు కాలిపోతోందన్నా "పైకి రాద్దాం" అనే రకం. "మిగతా ముగ్గురూ ఏదో ఒకటి తేల్చనివ్వండమ్మా, యంత్రం మంజూరు చెయ్యడం నాకు ఎంత పని?" అన్నాడు.

ఇదంతా తిరిగేసరికి ఏడాది గడిచిపోయింది. వచ్చే నెలలో గువ్వకు మూడేళ్ళు నిండుతాయి. నిండిన రోజున గువ్వ ఈ పథకం లోంచి జారిపోతుంది. పాత తేదీలు, పాత కాగితాలు అన్నీ చెత్తబుట్టకే. బడుల శాఖలో వరస చివర మళ్ళీ నిలబడాలి. ఆ వరస కదిలేసరికి మాట నేర్చుకునే వయసు దాటిపోతుందని పథకం గోడ పత్రికల మీద పెద్ద అక్షరాలతో వాళ్ళే రాయించారు. నవ్వుతున్న పాప బొమ్మ కూడా వేయించారు.

ఆ వారం ఎక్స్ఛేంజి అక్క పిల్లల కేంద్రానికి వెళ్ళింది. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చూసి తల్లులకు సలహాలు చెప్పాల్సిన మనిషి ఒకామె ఆ కేంద్రంలో ఉంది. ఆమె గువ్వ ఇంటికి ఇన్నాళ్ళలో ఒక్కసారైనా ఎందుకు పోలేదని టీచరును అడిగింది.

టీచరు నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆ ఇంటికి మీరు పోతున్నారుగా అక్కా. మీరు చూస్తున్నారని మా మనిషిని వేరే వీధికి వేశాను."

అక్కణ్ణుంచి శిక్షణ సంస్థకు పోయింది. మాటల మేడమ్ కూడా అదే పాట. "పరీక్షకి ముందరే ఇంట్లో చేయించాల్సినవి కొన్ని ఉన్నాయండీ, సైగలు అవీ. సాధారణంగా ఫోన్ చేసి చెప్తాం. కానీ మీరు చూస్తున్నారు కదా అని..."

ఆసుపత్రికి పోయేసరికి ఆమె ఒళ్ళు ఉడికిపోతోంది. వినికిడి పరీక్షల గదిలో ఒక సన్నపాటి మనిషి ఉంటాడు. అందరూ చెవుల డాక్టరంటారు. "నేను డాక్టర్ని కాదండీ, పరీక్ష చేసేవాణ్ణి" అని అందరికీ విడివిడిగా చెప్పుకుంటూ ఉంటాడు. "తేదీ తప్పిన పిల్లలకి మీరు ఫోన్ చెయ్యాలిగా, గువ్వ వాళ్ళకి ఎందుకు చెయ్యలేదు?" అని అడిగింది.

"మీరు చూస్తున్న పిల్లలకి మేం చెయ్యమక్కా. మీకు అడ్డం రాకూడదని."

ఎక్స్ఛేంజి అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమెను పెట్టింది ఈ నలుగుర్నీ కలపమని. ఆమె వచ్చిన రోజు నుంచి ఈ నలుగురికీ చేతులు దులుపుకోవడానికి ఒక మనిషి దొరికింది. ఏ పిల్ల పక్కన ఆమె పేరు చేరుతుందో ఆ పిల్ల పక్క నుంచి మిగతా అందరూ లేచి పోతున్నారు. పైగా గౌరవంగా, అడ్డం రాకూడదని. గువ్వకు ఇంత మంది ఉన్నా ఒక్కరూ లేకుండా పోయింది, పెద్దమనిషిలా తనొక్కతే ఒళ్ళో పెట్టుకుని కూర్చోబట్టే. ఆమెకు వాళ్ళ మీద ఎంత మండిందో తన మీద తనకు అంతకన్నా ఎక్కువ మండింది.

ఇంతలో పరీక్ష చేసేవాడికి భోజనం వేళయింది. డబ్బా పెట్టుకోవడానికి బల్ల మీద చోటు లేక, ఆ మిషను పిడి పట్టుకుని ఒంటి చేత్తో లేపి కిటికీ అంచున పెట్టాడు.

ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. "అది అంత తేలికా?"

"మడిస్తే సంచిలో పడుతుందక్కా. సంచి కూడా ఇచ్చారు. ఊళ్ళు తిరిగి చెయ్యడానికనే ఈ రకం కొన్నారంట."

"మరి ఎప్పుడన్నా తిరిగారా?"

"గది దాటించాలంటే సామాను విభాగం అనుమతి కావాలి. ఒకసారి అడిగాను. ఎవరి గదికి తీసుకెళ్తారో వాళ్ళ శాఖ రాయాలన్నారు. ఆ శాఖని అడిగితే మిషను ఎవరిదో వాళ్ళు రాయాలన్నారు." అతను డబ్బా మూత తీశాడు. "నాకు తిక్క పుట్టి సంచిని బీరువా మీద పెట్టేశాను. మీరు తినండక్కా, చాలా ఉంది."

ఆమె తినలేదు. ఆమెకు పిల్లల కేంద్రం కళ్ళ ముందు మెదిలింది. పిల్లల కేంద్రంలో మధ్యాహ్నం భోజనం కాగానే పిల్లలందర్నీ చాపల మీద పడుకోబెట్టి, తెరలు వేసేసి, టీచరు తలుపు దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. ఊళ్ళో అంత నిశ్శబ్దమైన చోటు ఇంకొకటి లేదు. పిల్లలు నిద్రపోయే గది ఒక శాఖది. నిద్రపోయినప్పుడు చెయ్యాల్సిన మిషను ఇంకో శాఖది. మధ్యలో రెండు బస్సుల దూరం. ఆ దూరం మిషను ఒక్కసారీ ప్రయాణం చెయ్యలేదు, పిల్లలే చేశారు. కన్ను మూయలేదని తప్పు కూడా పిల్లల మీదే రాశారు.

నెలవారీ సమావేశం సంక్షేమ కార్యాలయం పై అంతస్తులో జరుగుతుంది. చల్లటి గది, పొడుగు బల్ల, మనిషికో మంచినీళ్ళ సీసా, పళ్ళెంలో బిస్కెట్లు. కుటుంబాలకు ప్రవేశం లేదు. పైకిరాద్దాం సారు తల పైకెత్తకుండా ఒక్కో పిల్ల విషయం చదువుకుంటూ పోయాడు. గువ్వ దగ్గరికి వచ్చి, "సమన్వయం జరుగుతోంది" అని చదివి పేజీ తిప్పబోయాడు.

ఎక్స్ఛేంజి అక్క లేచి నిలబడింది. "సారూ, ఈ పాపని నేను వదిలేస్తున్నాను."

"వదిలెయ్యడమేంటమ్మా?"

"నా పేరు తీసెయ్యండి. నా పేరు ఉన్నన్నాళ్ళూ ఇక్కడ ఇంకెవరి పేరూ ఉండట్లేదు. ఎవరి దగ్గర పెట్టుకుంటారో మీరు నలుగురూ ఇప్పుడే చెప్పండి."

"ఇదేం విడ్డూరం" అంది పిల్లల కేంద్రం టీచరు, బిస్కెట్టు సగంలో ఆపి. "ఆవిడ ఉద్యోగమే అది కదా."

"నా ఉద్యోగం మిమ్మల్ని కలపడం మేడమ్. అందరూ నన్నే చూపిస్తే నేను ఎవర్ని ఎవరితో కలపాలి? నాకు పరీక్ష చెయ్యడం రాదు. మాటలు నేర్పడం రాదు. మంజూరు చేసే సంతకం నాకు లేదు. నాకొచ్చిందల్లా ఫోన్ చెయ్యడం. ఏడాది నుంచి చేస్తున్నాను. ఆ పిల్లకి నా ఫోను వినపడదు."

గదిలో ఎవరో చిన్నగా నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నారు.

"ఆవేశపడకమ్మా" అన్నాడు అధికారి. "నీ ఇబ్బంది నాకు అర్థమైంది. పైకి రాద్దాం."

"రాయండి. జవాబు వచ్చేసరికి గువ్వకి మూడేళ్ళు నిండుతాయి."

"నిండితే బడుల శాఖ వాళ్ళున్నారు. వాళ్ళు చూసుకుంటారు."

ఆ మాటతో ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. గొంతు మాత్రం పెంచలేదు. ఫోన్లు కలిపిన గొంతు అది, ఎంత కోపంలో ఉన్నా తొణకదు. "అయితే సారూ, ఈ రోజు సమావేశం కాగితంలో ఒక్క ముక్క రాయించండి. ఈ పాప మాలో ఎవరిదీ కాదు అని. నలుగురూ సంతకాలు పెట్టండి. నేనూ పెడతాను. రేపు వాళ్ళమ్మకి నేనే తీసుకెళ్ళి చదివి వినిపిస్తాను."

పైకిరాద్దాం సారు కలం పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. 'సమన్వయం జరుగుతోంది' అని వందసార్లైనా రాయగలడు. 'ఎవరిదీ కాదు' అని ఒక్కసారి రాస్తే ఉద్యోగాలు ఊడతాయి. రాయకుండా ఉండాలంటే ఎవరిదో చెప్పాలి. ఆయన బల్ల చుట్టూ చూశాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నీళ్ళ సీసాల మీద అక్షరాలు చదువుకుంటున్నారు.

"పరీక్ష నాదే సార్" అన్నాడు బల్ల చివర కూర్చున్న చెవుల డాక్టరు. అందరూ అటు తిరిగేసరికి ఇబ్బందిపడ్డాడు. "మిషను మడిస్తే సంచిలో పడుతుంది. పిల్లల కేంద్రంలో మధ్యాహ్నం నిద్రవేళకి నేను పట్టుకొస్తాను. నాకు అనుమతి ఇప్పించండి చాలు."

"మా కేంద్రంలోనా?" టీచరు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "చేర్చుకోని పిల్లని మా గదిలో పడుకోబెట్టాక ఏదన్నా అయితే?"

"నిద్రపోతే ఏమవుద్ది మేడమ్, లేస్తది" అంది మాటల మేడమ్. ఇన్నాళ్ళకు ఆవిడ నోట అచ్చమైన మాట ఒకటి వచ్చింది. తర్వాత గొంతు సవరించుకుని, "కాగితం రాగానే శిక్షణ నేను మొదలుపెడతాను. నా పేరు రాసుకోండి" అని చేర్చింది.

అధికారి అనుమతి రాసి, చివర 'ఈ ఒక్కసారికి మాత్రమే' అని చేర్చి, దాని కింద గీత కూడా గీశాడు.

ఆ రోజు గువ్వ తల్లి సగం పూట సెలవు పెట్టి వచ్చింది. నాయనమ్మ ఎందుకైనా మంచిదని పిల్ల పడుకునే పాత దుప్పటి తెచ్చింది. కేంద్రంలో భోజనాలయ్యాయి. తెరలు వేశారు. పిల్లలు ఒకరి మీద ఒకరు కాళ్ళేసుకుని, చేతిలో చెక్క ముక్కలు పట్టుకునే నిద్రలోకి జారిపోయారు. గువ్వ వాళ్ళ మధ్య కాసేపు కూర్చుని అందర్నీ చూసింది. ఎవరూ నిద్రపో అని చెప్పలేదు. ఎవరూ తేదీ అయిపోతుందని గడియారం చూడలేదు. తర్వాత తనే దుప్పటి మీద పడి, బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

పరీక్ష చేసేవాడు మోకాళ్ళ మీద వచ్చి బిళ్ళలు అంటించాడు. చెవుల్లో మెత్తటి గొట్టాలు పెట్టాడు. తెర మీద గీతలు పాకడం మొదలైంది. శబ్దం పెంచాడు. గీతలు అలాగే ఉన్నాయి. వైర్లు తీసి మళ్ళీ పెట్టి చూశాడు. ఇంకా పెంచాడు. ఎక్కడో చాలా పైన, ఒక లారీ హారను పక్కనే మోగినంత మోత దగ్గర, చిన్న అల లేచింది. రెండో చెవీ అంతే.

అతను తల్లి వైపు తిరిగి, పిల్లలు లేవకుండా గుసగుసగా చెప్పాడు. "యంత్రం పెడితే వింటుందమ్మా. అల లేచింది, చూశారుగా. కానీ తొందరగా పెట్టాలి. లేచాక కదులుతుంది, ఇప్పుడే చెవి కొలత తీసేస్తాను." అని సంచిలోంచి గులాబీ రంగు ముద్ద తీసి చెవిలో నింపాడు. మళ్ళీ రమ్మని తేదీ ఇవ్వకుండా ఉండటానికే దాన్ని తెచ్చుకున్నాడని ఎక్స్ఛేంజి అక్కకు అర్థమైంది.

టీచరు వెనకనుంచి ఫోను పైకెత్తింది. "ఒక్క ఫోటో అమ్మా. పైకి పంపాలంట, నాలుగు శాఖలూ కలిసి చేశాయని."

నాయనమ్మ లేవకుండానే కొంగు చాపి ఫోనుకు అడ్డం పట్టింది. "పైవాళ్ళకి మా పిల్ల నిద్ర మొహం ఎందుకమ్మా. మెలకువ మొహం ఏడాదిగా వాళ్ళ గుమ్మాల్లోనే ఉందిగా, అప్పుడు తియ్యాల్సింది."

పని అయిపోయాక తల్లి బయట వరండాలో చెప్పుల దగ్గర నిలబడి ఉంది. ఏడవలేదు. ఎక్స్ఛేంజి అక్క వచ్చి పక్కన నిలబడింది.

"ఆ సంచి ఎప్పట్నుంచి ఉందక్కా?"

"గువ్వ పుట్టకముందు నుంచీ ఉందంట."

"ఇక్కడ పిల్లలు రోజూ మధ్యాహ్నం పడుకుంటారా?"

"రోజూ."

"మరి నన్నెందుకు తిప్పారు?"

పథకం, శాఖలు, సామాను విభాగం, అన్నీ ఎక్స్ఛేంజి అక్క నోటి దాకా వచ్చాయి. ఒక్కటీ ఆ కోసుకుపోయిన వేళ్ళ ముందు నిలబడేది కాదు.

"నువ్వు మంచిదానివే అక్కా" అంది తల్లి. "ఎప్పుడు చేసినా ఫోనెత్తావు. తిట్టినా పడ్డావు. అందుకే నేను ఇంకెవర్నీ అడగలా, ఎవరి గుమ్మం ముందూ అరవలా. నువ్వు చూస్తున్నావు కదా అనుకున్నా. నువ్వు లేకపోయుంటే ఏదో ఒక రోజు ఆ ఆసుపత్రి ముందు కూర్చుని రచ్చ చేసేదాన్ని. అప్పుడన్నా అయ్యేదేమో ఈ పని."

ఆ మాటలో తిట్టు లేదు. అందుకే అది లోపలికి దిగింది. "అవునమ్మా" అంది ఎక్స్ఛేంజి అక్క. ఓదార్చలేదు, నేను మాట్లాడతాగా అనలేదు. "ఆ పరీక్ష చేసే అతన్ని అడిగాను. గువ్వ లాగా సహకరించలేదని రాసిన పిల్లలు ఇంకా బోలెడుమంది ఉన్నారంట. ఒక్కసారికే అనుమతి అని గీత గీసి ఇచ్చారు" అని చెప్పింది.

"వాళ్ళ అమ్మలు ఎక్కడుంటారు?"

"ఆసుపత్రిలో ఉన్న వివరాలు నేనివ్వకూడదు. నేను చూసే వాళ్ళయితే నాకు తెలుసు. వాళ్ళకి ఫోన్ చేసి నీ నంబరు ఇస్తాను. ఇష్టమైనవాళ్ళు నీకు చేస్తారు."

"ఇవ్వు" అంది తల్లి. "నువ్వు మాట్లాడొద్దు. నేను మాట్లాడతా."

గువ్వ చెవి యంత్రాలకు మంజూరు పుట్టినరోజుకు ముందే వచ్చింది. పైకిరాద్దాం సారు ఆ ఒక్కటీ పైకి రాయకుండా తన సంతకంతోనే ఇచ్చాడు. మొదటి రెండు రోజులు గువ్వ వాటిని పీకి పాలగ్లాసులో వేసింది. మూడో రోజు వెల్డింగు షాపు వాడు సుత్తి ఎత్తితే జడుసుకుని ఏడ్చింది. నాయనమ్మ వెళ్ళి వాడి మీద ఇంతెత్తున లేచింది. ఇన్నేళ్ళుగా అలాగే కొడుతున్నానని వాడు లబోదిబోమన్నాడు.

తర్వాతి నెల సమావేశం మధ్యాహ్నం పెట్టారు. ఎక్స్ఛేంజి అక్క మెట్లెక్కి వచ్చేసరికి పై అంతస్తు వసారాలో నడవడానికి చోటు లేదు. గోడ వారగా, మెట్ల మీద, నీళ్ళ పంపు పక్కన తల్లులు కూర్చుని ఉన్నారు. ఆయాలు, పాచిపని చేసేవాళ్ళు, ఒక కండక్టరు, ఒక బడి పంతులమ్మ. గువ్వ తల్లి పెట్టెల కంపెనీ చొక్కాలోనే తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. తలుపు మీద 'కుటుంబాలకు ప్రవేశం లేదు' అన్న బోర్డు ఆమె భుజం వెనక సగం కనపడుతోంది.

పైకిరాద్దాం సారు భోజనం చేసి వచ్చి, ఆ జనాన్ని చూసి ఆగిపోయాడు. "ఏంటిదంతా? ఎవరు పిలిచారు వీళ్ళని?" అని ఎక్స్ఛేంజి అక్కను నిలదీశాడు. "సమన్వయం అంటే ఇదేనా?"

"నన్నడక్కండి సారు" అంది ఆమె. "వాళ్ళనే అడగండి. అక్కడే ఉన్నారు."

ఆయన తలుపు వైపు తిరిగాడు. మాట్లాడబోయాడు. గువ్వ తల్లి పెదాల మీద వేలు పెట్టి ఆయన్ని ఆపి, వసారా పొడవునా తల్లుల భుజాల మీద, ఒళ్ళలో, చీర ఊయలల్లో ఆదమరిచి నిద్రపోతున్న పిల్లల్ని చూపించింది.

"నెమ్మది సారు. అందరూ సహకరిస్తున్నారు" అంది. "మిషను తెప్పించండి."